డెంగీ తర్వాత జుట్టు రాలడం, గోళ్ల మీద అడ్డగాడి, మందమైన కాలి గోరు: అన్నీ ఒకటే జబ్బా?

పరకాల నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆయన కూతురికి 22 ఏళ్లు. ఆగస్టు చివరి వారంలో డెంగీ వచ్చి కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉంది. నవంబరు నుంచి తల దువ్వినా, స్నానం చేసినా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. చేతి గోళ్లన్నింటి మీదా అడ్డంగా ఒక గాడి కనిపిస్తోంది. అదే ఇంట్లో ఉండే ఆయన తల్లిగారికి 64 ఏళ్లు, షుగరు ఉంది. ఆమె కుడి కాలి బొటనవేలి గోరు మూడేళ్లుగా పసుపురంగుకు తిరిగి, మందమై, కొసన పొడిపొడిగా రాలుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ఫంగస్ మాత్రలు రెండు నెలలు వాడినా గుణం కనిపించలేదు. ఇద్దరిదీ ఒకటే జబ్బా, ఒకరి నుంచి మరొకరికి అంటుకుందా, ఒంట్లో క్యాల్షియం తగ్గిందా, అందరూ చెబుతున్న బయోటిన్ (ఒక రకం బి విటమిన్) మాత్రలు మొదలుపెట్టవచ్చా అని ఆయన అడిగారు. మూడు ఫోటోలు కూడా జతచేశారు.

సూటిగా చెప్పాలంటే అమ్మాయి సమస్యకూ, అమ్మగారి గోటికీ సంబంధం లేదు. అమ్మాయికి జుట్టు రాలడం, గోళ్ల మీద గాడి పడటం రెండూ ఆగస్టు నాటి జ్వరం వల్లనే వచ్చినట్లు కనిపిస్తున్నాయి. అది ఎవరికీ అంటదు, బట్టతలకు దారి తీయదు, చాలామందిలో మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. అమ్మగారి గోరు ఫంగస్ కావచ్చు, కాకపోనూ వచ్చు. గోటి ముక్కను పరీక్ష చేయించకుండా ఇక ఒక్క ఫంగస్ మాత్ర కూడా వేయవద్దు. క్యాల్షియానికి ఈ రెండింటిలో దేనితోనూ పని లేదు. బయోటిన్ అవసరం లేదు సరికదా, దానితో ఒక చిక్కు కూడా ఉంది. మీరు అడగని విషయం ఒకటి మాత్రం మూడో ఫోటోలో ఉంది: అమ్మగారి కాలి చివరి రెండు వేళ్ల సందులో తెల్లగా నాని చీలిన చర్మం. అది గోరు కన్నా ముందు, ఈ వారంలోనే చూపించుకోవలసిన విషయం. దాని సంగతి అమ్మగారి గోటి గురించి చెప్పేటప్పుడు వివరంగా రాస్తాను.

ఫోటోలు చూసి పేరు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. అయినా అమ్మాయి విషయంలో ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం తేదీలు. జుట్టు, గోరు రెండూ ఒంటికి జరిగిన దెబ్బను వెంటనే చూపవు; కొన్ని వారాలో, నెలలో ఆగి చూపుతాయి. అందువల్ల మా ఓపీలో జుట్టు ఊడుతోందని వచ్చిన వారిని నేను ముందుగా "ఏం తింటున్నారు, ఏ నూనె రాస్తున్నారు" అని అడగను; "మూడు నెలల కింద మీ ఇంట్లో ఏం జరిగింది" అని అడుగుతాను. జ్వరమో, కాన్పో, ఆపరేషనో, ఉన్నట్టుండి తిండి మానేసి బరువు తగ్గడమో, ఇంట్లో ఎవరైనా పోవడమో, ఏదో ఒకటి బయటికి వస్తుంది.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. వాటిలో నూటికి 85 నుంచి 90 దాకా ఏ సమయంలో చూసినా పెరుగుదల దశలో ఉంటాయి. ఆ దశ రెండు నుంచి ఆరేళ్లు సాగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో కుదురు ముడుచుకుని, వెంట్రుక సుమారు మూడు నెలలు విశ్రాంతి దశలో ఉండి రాలిపోతుంది. ఒక్కో వెంట్రుకది ఒక్కో లెక్క కాబట్టి మామూలు రోజుల్లో 50 నుంచి 100 వరకు రాలినా మనకు తెలియదు. డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా వంటి తీవ్ర జ్వరం వచ్చినప్పుడు పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి విశ్రాంతి దశకు వెళ్లిపోతాయి. అప్పుడు కాకుండా, రెండు మూడు నెలలు గడిచాక అవన్నీ కలిసి రాలుతాయి. జ్వరం తగ్గి, ముఖంలో కళ వచ్చి, అందరూ హాయిగా ఉన్న సమయంలో జుట్టు ఊడటం మొదలవుతుంది గనుక జ్వరాన్ని ఎవరూ అనుమానించరు. నూనె మార్చామనో, కొత్త షాంపూ పడలేదనో, బోరు నీళ్లనో అనుకుంటారు. కోవిడ్ రెండో దఫా తర్వాత మా ఓపీ నెలల తరబడి ఇలాంటి వారితోనే నిండింది.

ఊడిన వెంట్రుక ఒకటి తీసి తెల్ల కాగితం మీద పెట్టి చూడమనండి. ఒక కొసన ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి బుడిపె కనిపిస్తుంది. కుదురే ఊడి వచ్చిందని ఆడపిల్లలు ఏడుస్తూ చూపించేది దీన్నే. అది కుదురు కాదు, విశ్రాంతి దశ పూర్తి చేసుకున్న వెంట్రుక అడుగు భాగం మాత్రమే. కుదురు చర్మం లోపల భద్రంగా ఉంటుంది, అక్కడ కొత్త వెంట్రుక అప్పటికే బయలుదేరి ఉంటుంది. రెండో ఫోటోలో అమ్మాయి నుదుటి అంచున, దువ్వెనకు లొంగకుండా నిక్కబొడుచుకున్న పొట్టి వెంట్రుకలు కనిపిస్తున్నాయి. అవి తెగినవి కావు, కొనలు సన్నగా ఉన్నాయి, కొత్తగా మొలిచినవి. నా దృష్టిలో ఆ ఫోటోలోని అతి మంచి వార్త అదే.

ఇక గోళ్లు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదటి నుంచి చివరి దాకా కొత్త గోరు రావడానికి ఆరు నెలలు పడుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో గోటిని తయారు చేసే మూలభాగం పని మందగిస్తుంది, ఆ కొద్ది రోజుల గోరు పలచగా తయారై అడ్డంగా గాడిలా మిగులుతుంది. ఫ్రెంచి వైద్యుడు జోసెఫ్ బో 1846లో దీన్ని వర్ణించాడు కాబట్టి వీటిని బో గీతలు అంటారు. ఆ మూలభాగం చర్మం కింద దాగి ఉండటం వల్ల గాడి కంటికి కనిపించే చోటికి రావడానికి నెలకు పైగా పట్టవచ్చు. తర్వాత అది గోటితోపాటు ముందుకు జరుగుతుంది.

మీ ఫోటోలో ఒక సంగతి ఉంది, బహుశా మీరు గమనించి ఉండరు. అమ్మాయి బతుకమ్మ పండుగకు గోరింటాకు పెట్టుకున్నదని రాశారు. పెట్టిన రోజున ఎరుపు గోరు మొదటి దాకా ఉండి ఉంటుంది. ఇప్పుడు ఆ ఎరుపు కింది అంచుకూ, గోరు మొదలుకూ మధ్య ఖాళీ వచ్చింది. గాడి సరిగ్గా ఆ ఎరుపు అంచుకు కొంచెం కిందుగా ఉంది. అంటే పండుగ అయిన కొద్ది రోజులకే గాడి బయటికి వచ్చింది. దానికి లోపల దాగిన నెల రోజులు కలిపితే ఆగస్టు చివరికి చేరుతుంది. పక్కన స్కేలు పెట్టి కొలిస్తే గోరు మొదలు నుంచి గాడికి ఆరేడు మిల్లీమీటర్లు వస్తుందని నా అంచనా. జుట్టు చెప్పే తేదీ, గోరు చెప్పే తేదీ రెండూ ఒకే వారానికి చేరినప్పుడు ఇంకో జబ్బును వెతకవలసిన అవసరం బాగా తగ్గిపోతుంది. గాడి అన్ని గోళ్ల మీదా ఒకే ఎత్తులో ఉండటం కూడా ముఖ్యం. ఒకే గోటి మీద ఉంటే ఆ వేలికి తగిలిన దెబ్బ అనుకోవాలి.

అయితే జుట్టు ఊడటం అంతా ఇదే కాదు కాబట్టి, మిగతా వాటిని ఎలా వేరు చేస్తామో చెప్పాలి. వెంట్రుక కుదురు నుంచి రాలుతోందా, మధ్యలో తెగుతోందా, రాలకుండానే పలచబడుతోందా అన్నది మొదటి ప్రశ్న. ఓపీలో మేము 50, 60 వెంట్రుకలను వేళ్ల మధ్య పట్టి మెల్లగా కొన దాకా లాగి చూస్తాం. ఐదారుకు మించి చేతికి వస్తే చురుగ్గా రాలుతోందని అర్థం. రోజూ గుప్పెడు రాలుతున్నా తల అంతటా సమానంగా పలచబడటం జ్వరం తర్వాతి రకం లక్షణం. ఏమీ రాలినట్టు తెలియకుండానే పాపిడి ఏడాదికేడాది వెడల్పు అవుతుంటే ఆడవారిలో వంశపారంపర్యంగా వచ్చే రకం. మగవారిలో అదే కణతల దగ్గర, మాడు మీద మొదలవుతుంది. ఒక్కోసారి జ్వరం తర్వాతి రాలడం ఆరు నెలలు దాటినా ఆగకపోతే లోపల దాగి ఉన్న ఈ వంశపారంపర్య రకం బయటపడిందని తేలుతుంది. అప్పుడు తలకు రాసే మినాక్సిడిల్ వంటి మందు అవసరం. అది మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో రాలడం కొంత పెరుగుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే నూటికి తొంభై మంది సీసాను పారేస్తారు. ఫలితం తేల్చడానికి కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు వాడాలి. మీ అమ్మాయికి ఇప్పుడు దానితో పని లేదు.

గుండ్రంగా, రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే మన దగ్గర పేనుకొరుకుడు అంటారు. పేనుకు దీనితో ఏ సంబంధమూ లేదు. శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. అంచున ఉండే వెంట్రుకలు అడుగున సన్నగా, పైన లావుగా కనిపిస్తే జబ్బు ఇంకా పాకుతోందన్నమాట. ఒకటి రెండు మచ్చలు ఉన్నవారిలో చాలామందికి ఏడాదిలోపు జుట్టు దానంతటదే వస్తుంది. ఉల్లిపాయ రుద్దిన వారికీ, ఏమీ రుద్దని వారికీ వస్తుంది కాబట్టే ఉల్లిపాయకు అంత పేరు వచ్చిందని నా అనుమానం. గురివింద గింజను అరగదీసి రాయడం మాత్రం మానాలి. అందులోని అబ్రిన్ ప్రాణాంతకమైన విషం. చర్మం బొబ్బలెక్కి, పుండు పడి, ఆ చోట మచ్చ కట్టి శాశ్వతంగా జుట్టు రాకుండా పోయిన పిల్లలను భూపాలపల్లి, ములుగు వైపు నుంచి తీసుకొచ్చినప్పుడు చూశాను. దానంతటదే తగ్గే జబ్బును తగ్గని మచ్చగా మార్చుకోవడం ఎందుకు? తల మొత్తం ఊడిన తీవ్ర రూపానికి ఇప్పుడు బారిసిటినిబ్ వంటి మాత్రలు ఉన్నాయి. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటిని ఈ జబ్బుకు అనుమతించింది. ఖరీదు, రక్తపరీక్షలు, అంటువ్యాధుల భయం, ఇవన్నీ ఉన్నాయి గనుక నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి.

బడి పిల్లల్లో మచ్చ నున్నగా కాకుండా పొట్టు లేచి, వెంట్రుకలు చర్మం దగ్గరే తెగి నల్ల చుక్కల్లా కనిపిస్తే అది తలకు పట్టిన తామర. దీనికి పైపూత చాలదు, ఎందుకంటే ఫంగస్ వెంట్రుక కాడ లోపల ఉంటుంది. నోటి మందులు వారాల తరబడి వాడాలి. కొందరికి అక్కడే మెత్తగా ఉబ్బి, చీము కారుతుంది. అది గడ్డ కాదు. ఊళ్లో దాన్ని గడ్డ అనుకుని కోయించిన తర్వాత మా దగ్గరికి వచ్చిన పిల్లలు ఎందరో. కోత వల్ల మేలు లేదు, మచ్చ మాత్రం మిగులుతుంది. ఇక చర్మం మెరిసిపోయి, కుదురు రంధ్రాలు కూడా కనిపించకుండా, అంచు ఎర్రగా లేక ఊదారంగుగా ఉంటే దాన్ని ఒక్క వారం కూడా ఆలస్యం చేయకూడదు. కుదుళ్లను శాశ్వతంగా చంపే జబ్బులు అవే, బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించడం) చేయవలసింది వాటికే.

ఇక్కడ వినబడే మరికొన్ని మాటలకు జవాబు చెప్పి ముందుకు పోతాను. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవారు దాదాపు అందరూ "అక్కడి నీళ్లకే పోయింది సార్" అంటారు. ఉప్పునీరు, బోరునీరు వెంట్రుకను గరుకుగా చేసి తెగేలా చేయగలవేమో కానీ కుదురును ముట్టుకోలేవు. ఇరవై అయిదేళ్లకు వెళ్లి ముప్పై అయిదుకు తిరిగి వచ్చిన మనిషికి కణతలు పలచబడటానికి వయసూ, తండ్రి తాతల పోలికా చాలు. వేములవాడలో తలనీలాలు ఇస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నదీ అలాంటిదే. మొక్కు మొక్కుగా తీర్చుకోండి; కుదుళ్ల సంఖ్య పుట్టుకతోనే నిర్ణయమై ఉంటుంది, గుండు చేశాక వచ్చే వెంట్రుక కొన మొద్దుగా ఉండటం వల్ల గరుకుగా, ఒత్తుగా అనిపిస్తుంది. జడ బిగించి లాగి వేసే అలవాటు వల్ల నుదుటి అంచున జుట్టు వెనక్కి పోవడం మాత్రం నిజం. హాస్టళ్లలో ఉండే చిన్నపిల్లల తల్లులు దాన్ని గమనించాలి.

పరీక్షల విషయానికి వస్తే అమ్మాయికి హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ ఈ మూడు చాలు. రుతుస్రావం ఎక్కువగా ఉన్నా, తిండి సరిగా లేకపోయినా ఇనుము నిల్వలు తగ్గి రాలడం చాలాకాలం సాగుతుంది; ఆ లోటు పూడిస్తే కోలుకోవడం తేలికవుతుంది. మూడు వేలో నాలుగు వేలో ఖర్చయ్యే "హెయిర్ ప్యాకేజీ" పరీక్షలు అక్కరలేదు. బయోటిన్ వేసుకుంటూ రక్తపరీక్షకు వెళ్లవద్దు. పెద్దవారికి రోజుకు 30 మైక్రోగ్రాములు సరిపోతుంది, అది మామూలు తిండిలోనే దొరుకుతుంది. షాపులో ఇచ్చే మాత్రలో 5, 10 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే వందల రెట్లు. అంత మోతాదు కొన్ని ల్యాబు యంత్రాలను తప్పుదోవ పట్టించి థైరాయిడ్ ఫలితాన్నీ, గుండెపోటును పసిగట్టే ట్రోపోనిన్ ఫలితాన్నీ తారుమారు చేస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరించింది. లేని థైరాయిడ్ జబ్బుకు మందులు మొదలుపెట్టించుకోవడం కన్నా గుడ్డు, పప్పు, ఆకుకూర సరిగ్గా తినడం మేలు.

అరుదైనా ఒకటి తెలిసి ఉండాలి. కొద్ది రోజుల్లోనే తల మొత్తం ఊడి, ఆ తర్వాత గోళ్లు కూడా రంగు మారి ఊడిపోతే అది మామూలు రాలడం కాదు, విషప్రభావం అనుకోవాలి. ఆదిలాబాద్‌కు అవతల మహారాష్ట్రలోని బుల్డానా జిల్లా పల్లెల్లో 2024 చివర, 2025 మొదట్లో ఇలాగే జరిగింది; ముందు నీటి మీద అనుమానపడ్డారు, తర్వాత బాధితుల్లో సెలీనియం ఎక్కువగా ఉన్నట్టు తేలి తిండి గింజల మీదికి చూపు మళ్లింది. ఒకే ఊళ్లో ఒకే వారంలో పలువురికి ఇలా అయితే వెంటనే ఆరోగ్యశాఖకు తెలపాలి.

ఇప్పుడు అమ్మగారి గోరు. మందమై, పసుపుపచ్చగా మారిన ప్రతి గోరూ ఫంగస్ అన్న నమ్మకం షాపుల్లో ఎంత ఉందో, కొంతమంది వైద్యుల్లోనూ అంతే ఉంది. నిజానికి ఆకారం చెడిన గోళ్లలో దాదాపు సగమే ఫంగస్. మిగతా సగంలో సోరియాసిస్ (చర్మం మీద పొట్టు లేచే మచ్చలు వచ్చే జబ్బు), బిగుతు చెప్పుల ఒత్తిడి, పాత దెబ్బ, వయసు, రక్తప్రసరణ లోపం ఉంటాయి.

సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక బీడీ కార్మికురాలి గోళ్లు నాకు బాగా గుర్తు. ఏడాదిపాటు ఆమెకు ఫంగస్ మాత్రలు ఇచ్చారు. వచ్చేసరికి ఎనిమిది చేతి గోళ్లు చెడి ఉన్నాయి. టార్చి వెలుగులో పక్క నుంచి చూస్తే గోటి మీద సూదితో పొడిచినట్టు సన్నని గుంటలు. రెండు గోళ్ల కింద నూనె చుక్క పడి ఇంకినట్టు నారింజ రంగు మరక. కొసన గోరు కింది చర్మం నుంచి విడిపోయి తెల్లగా ఉంది. ఫంగస్ చేతి గోళ్లలో ఎనిమిదింటికి ఒకేసారి, కాళ్లను వదిలేసి రావడం బాగా అరుదు. చెవి వెనుక చూశాను, పొట్టు లేస్తున్న మచ్చ ఉంది. ఆమె దాన్ని చుండ్రు అనుకుంది. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుంటాయా అని అడిగితే, గంట దాకా ఆకు మడవలేనని, పనివల్ల అనుకున్నానని చెప్పింది. అది సోరియాసిస్, కీళ్లకు కూడా పాకింది. గోళ్లకు సోరియాసిస్ ఉన్నవారిలో కీళ్లవాతం రావడం ఎక్కువ కాబట్టి ఆ ప్రశ్న తప్పకుండా అడగాలి. ఆమెకు పోయింది ఏడాదిపాటు మాత్రలకు పెట్టిన డబ్బు మాత్రమే కాదు, రెండు వేళ్ల కీళ్లు అప్పటికే కొంత దెబ్బతిన్నాయి.

తడి పని చేసేవారిది మరో కథ. టిఫిన్ సెంటర్లలో గిన్నెలు కడిగేవారికి, నాట్ల కాలంలో రోజంతా నీళ్లలో చేతులు పెట్టేవారికి గోరు మొదట్లో అంటిపెట్టుకుని ఉండే సన్నని తోలు పోయి, అక్కడ సందు ఏర్పడి, చుట్టూ చర్మం ఉబ్బి, గోరు పక్క నుంచి పచ్చగా, ఎగుడుదిగుడుగా మారుతుంది. ఉన్నట్టుండి వచ్చి సలుపు పెట్టే గోరుచుట్టు వేరు, నెలల తరబడి ఉండే ఇది వేరు. దానికి చీము తీయాలి, దీనికి తడి తప్పించాలి. కాటన్ గ్లౌజు పైన రబ్బరు గ్లౌజు వేసుకోవడం, వైద్యుడు ఇచ్చిన వాపు తగ్గించే పూత, కొన్ని నెలల ఓపిక, ఇవి లేకుండా మాత్రలు ఎన్ని మింగినా గోరుచుట్టు మీద రోకటిపోటే.

ఫంగస్ అని రుజువు చేయడం కష్టమేమీ కాదు. గోటి ముక్కను, దాని కింది పొడిని తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు. దీన్నే కేవోహెచ్ పరీక్ష అంటారు. చవక, తొందరగా అయిపోతుంది. నమూనా గోటి కొసన కాకుండా, చెడిన భాగం ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని కలిసే చోట, లోపలి నుంచి తీయాలి. కొసన తీసిన పొడిలో చచ్చిన ఫంగస్సే దొరుకుతుంది. ఇటీవలే మాత్రలు వాడి ఉంటే ఫలితం తప్పుగా "లేదు" అని రావచ్చు గనుక ఆమె మాత్రలు ఎప్పుడు ఆపారో చెప్పండి, అవసరమైతే కొన్ని వారాలు ఆగి తీయిస్తారు. ఒకసారి లేదని వచ్చినా అనుమానం బలంగా ఉంటే మళ్లీ చేయించాలి.

ఉందని తేలితే టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్ర రోజుకు 250 మిల్లీగ్రాములు, కాలి గోటికి 12 వారాలు వాడటం మామూలు పద్ధతి. ముందు కాలేయ పరీక్ష చేస్తారు. ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మందు ఇచ్చేటప్పుడు ఆమె గుండె పరిస్థితి, కొలెస్టరాల్ మాత్రలు వైద్యుడికి తెలియాలి. గుండె బలహీనంగా ఉన్నవారికి అది తగదు, కొన్ని కొలెస్టరాల్ మాత్రలతో పడదు. రెండు నెలలకు మార్పు రాలేదని మీరు రాశారు. కాలి బొటనవేలి గోరు నెలకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరే పెరుగుతుంది. సరైన మందు పడినా కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. రెండు నెలలకు చూడవలసింది పాత పసుపు కాదు, గోరు మొదట్లో రెండు మూడు మిల్లీమీటర్ల మేర శుభ్రమైన గోరు వస్తోందా లేదా అన్నదే.

గోళ్ల గురించి నన్ను అడిగే వాటిలో మరో రెండు మూడు. కొంగలు ఎగురుతుంటే పిల్లలు చేతులు చాపి అడిగే తెల్ల చుక్కలు చిన్న దెబ్బల గుర్తులు, క్యాల్షియం లోటు కాదు. చెంచాలా గుంటపడిన గోళ్లు ఇనుము లోటుకు సూచన. రెండు చేతుల చూపుడువేళ్ల గోళ్లను వీపులు తగిలేలా ఆనిస్తే మధ్యలో చిన్న వజ్రం ఆకారపు సందు కనిపించాలి. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు షామ్రాత్ తన సొంత వేళ్ల మీద దీన్ని గమనించి 1976లో రాశాడు. ఆ సందు మూసుకుపోయి వేలి కొసలు ఉబ్బితే ఊపిరితిత్తులనూ, గుండెనూ చూడాలి. సింగరేణి గనుల్లో పనిచేసి, బీడీ తాగే అలవాటున్న వారిలో ఇది కొత్తగా కనిపిస్తే "బొగ్గు దుమ్ముకే" అని సరిపెట్టుకోకూడదు, ఎందుకంటే దుమ్ము జబ్బులో గోళ్లు సాధారణంగా ఇలా మారవు. క్యాన్సర్ లేదని ఎక్స్‌రేతో, అవసరమైతే స్కానింగుతో తేల్చుకోవాలి. నిలువు నల్లగీతలు మన రంగు ఉన్నవారిలో పలు గోళ్ల మీద ఉండటం మామూలే. పెద్దవారిలో ఒకే గోటి మీద, ముఖ్యంగా బొటనవేలి మీద, కొత్తగా వచ్చి వెడల్పు అవుతూ, చుట్టూ చర్మానికి కూడా నలుపు పాకుతున్న గీతను మాత్రం ఆలస్యం చేయకుండా చూపించాలి. దెబ్బకు గడ్డకట్టిన రక్తం గోటితోపాటు ముందుకు జరిగిపోతుంది, ఆ గీత జరగదు.

చివరగా ఆ వేళ్ల సందు. షుగరు ఉన్న మనిషికి నాల్గో, ఐదో వేలి మధ్య నానిన చీలిక ఉంటే అది క్రిములకు తెరిచిన తలుపు. పైకి నొప్పి లేకపోవచ్చు, షుగరు వల్ల స్పర్శ తగ్గి ఉంటుంది. రెండు మూడు రోజుల్లో కాలంతా ఎర్రగా ఉబ్బి జ్వరంతో వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వచ్చేవారిలో చాలామందికి మొదలు ఇక్కడే ఉంటుంది. చర్మ వైద్యుడికి చూపించి ఫంగస్ పూత తీసుకోండి. స్టెరాయిడ్ కలిసిన ఎర్ర డబ్బా, పచ్చ డబ్బా క్రీములు ఏవైనా ఇంట్లో ఉంటే వాటిని వాడవద్దు, అవి ఒక వారం హాయిగా ఉంచి ఫంగస్‌ను ముదరబెడతాయి. స్నానం అయ్యాక ప్రతి సందునూ పాత నూలు గుడ్డతో ఒత్తి తుడవాలి. గోటిని మూలలు తవ్వకుండా తిన్నగా కత్తిరించాలి. బ్లేడుతో ఇంట్లో చెక్కించుకోవద్దు. వెళ్లినప్పుడు పాదాల స్పర్శ, పాదం మీది నాడి కూడా చూడమని అడగండి, మూడు నెలల సగటు షుగరును చూపే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) రిపోర్టు వెంట తీసుకెళ్లండి. అమ్మాయిని కూడా అదే రోజు తీసుకెళ్లేటట్లయితే గోళ్లకు నెయిల్ పాలిష్ లేకుండా, తలకు నూనె రాయకుండా తీసుకెళ్లండి. గోరింటాకు ఎరుపు ఉన్నా పర్వాలేదు, ఆ వైద్యుడికి కూడా అది పనికివస్తుంది.